హంస చెప్పిన మాట: ఒక చిత్రపటము, మన పిల్లల తొలి చదువు

ప్లాటినం జూబిలీ సంచికకు పాఠశాల చరిత్రను గూర్చి ఏదైనా వ్రాయవలసినదిగా సంపాదకవర్గంవారు నన్ను కోరినారు. సంస్థాపకుల కృషి, భవన నిర్మాణం, దాతల ఔదార్యం, పరీక్షా ఫలితాలు మొదలైన విషయాలను ఈ సంచికలోనే మరికొందరు పెద్దలు సవిస్తరంగా వ్రాస్తున్నారు. కనుక నేను మరొక చిన్న చరిత్రను ఎన్నుకున్నాను. ఒకటవ తరగతి గదిలో నల్లబల్లకు కుడివైపున వ్రేలాడే ‘హంస దమయంతి’ పటాన్ని మన తల్లిదండ్రులలో చాలమంది చూచియుంటారు. “పసిపిల్లల గదిలో సరస్వతీదేవి పటం ఉండాలి గాని, ఇదెందుకమ్మా?” అని అడిగినవారూ ఉన్నారు. ఆ ప్రశ్నకు నిలుచున్న చోటనే రెండు మాటలలో చెప్పదగిన సమాధానం ఒకటి, కూర్చుండి తీరికగా చెప్పదగిన సమాధానం ఒకటి ఉన్నవి. ఈ వ్యాసం రెండవది.

అక్షరం నేర్పే పనిలో బొమ్మ ఎప్పుడు చేరినది? మన పాతకాలపు వీధిబడులలో బొమ్మ లేదు, ఇసుక ఉన్నది. ఆ బడుల తీరును కన్నులకు కట్టించే పత్రం ఒకటి లభిస్తున్నది. బళ్ళారి జిల్లా కలెక్టరుగా ఉండిన ఏ.డి. క్యాంబెల్ 1823లో మద్రాసు రెవెన్యూ బోర్డుకు పంపిన నివేదిక అది. ఈయన తెలుగు తెలియని దొర కాడు. 1816లోనే తెలుగు భాషకు ఇంగ్లీషులో వ్యాకరణం వ్రాసి ప్రకటించినవాడు. తన జిల్లాలో 533 బడులు ఉన్నవనీ, వాటిలో 6,641 మంది చదువుకుంటున్నారనీ ఆయన లెక్క చెప్పినాడు. వాటిలో అధికభాగం తెలుగు, కన్నడ బడులే. పిల్లవాడు వ్రేలితో ఇసుకలో అక్షరం దిద్దుతూ, దానిని నోటితో పలుకుతూ నేర్చుకొనే పద్ధతినీ, పై తరగతి పిల్లవాడు క్రింది పిల్లవానికి చెప్పే ఏర్పాటునూ ఆయన మెచ్చుకున్నాడు. అయితే ఒక ఫిర్యాదు కూడ చేసినాడు. పిల్లలు వల్లించే పద్యాల భాష ఇంటిలో మాట్లాడే భాషకు దూరంగా ఉన్నదనీ, అర్థం తెలియకనే చిలుకల వలె అప్పజెప్పుతున్నారనీ దాని సారాంశం.

రెండు వందల ఏండ్లు గడచినవి. ఇసుక పోయి పలక వచ్చినది, పలక పోయి నోటుపుస్తకం వచ్చినది. క్యాంబెల్ ఫిర్యాదు మాత్రం ఏ రాష్ట్రపు తెలుగు బడిలోనైనా నేటికీ అక్కడక్కడ వినబడుతూనే ఉన్నది. ఆ పద్యాలను కంఠస్థం చేయడం వల్ల మన పెద్దలకు కలిగిన మేలును ఆయన తక్కువగా అంచనా వేసినాడని నా అభిప్రాయం. కాని ఐదేండ్ల బిడ్డ విషయంలో ఆయన మాటను త్రోసిపుచ్చలేము.

ఇదే చిక్కును ఐరోపాలో అంతకు ముందే ఎదుర్కొన్న మహానుభావుడు యాన్ ఆమోస్ కొమీనియస్. మొరేవియా దేశస్థుడు, 1592లో జన్మించినవాడు, మతయుద్ధాల వలన స్వదేశం విడిచి జీవితంలో అధికభాగం పరదేశాలలో గడపినవాడు. 1658లో జర్మనీలోని న్యూరెంబర్గు నగరంలో ఆయన గ్రంథం వెలువడినది. కంటికి కనబడే ప్రపంచమంతా బొమ్మలలో చూపడమే దాని ఉద్దేశం. నూట యాభై పాఠాలు. ప్రతి పాఠానికీ ఒక బొమ్మ, బొమ్మలోని వస్తువుల మీద అంకెలు, క్రింద లాటిను, జర్మను భాషలలో అవే అంకెలతో ఆ వస్తువుల పేర్లు. మొదటి పుటలలో వర్ణమాల ఉన్నది. అక్కడ ప్రతి అక్షరానికీ ఒక ప్రాణి, దాని అరుపు. కాకి ‘ఆ’ అంటుంది, గొర్రెపిల్ల ‘బే’ అంటుంది. అక్షరాన్ని పిల్లవాడు అంతకుముందే చెవితో విన్న ధ్వనికి ముడివేయడమనే ఆలోచన ఇది. మరుసటి ఏడే ఇంగ్లీషులోనికి వచ్చినది. మహాకవి గేటె సైతం బాల్యంలో ఆ పుస్తకంతో పెరిగినవాడే.

నేడు మన అంగళ్ళలో దొరికే అచ్చు పటాలు, అమ్మ బొమ్మతో ‘అ’, ఆవు బొమ్మతో ‘ఆ’, ఇల్లు బొమ్మతో ‘ఇ’, కొమీనియస్ సంతతిలోనివే. వాటిని నేను నిందించను. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో మేమూ అటువంటి పటాలనే రాత్రింబగళ్ళు రంగులద్ది తయారు చేసినాము. కాని వాటిలో ఒక లోపం ఉన్నది. బొమ్మయే మాటను చెప్పివేస్తుంది గనుక పిల్లవానికి అక్షరంతో పని లేదు. ఆవును చూచి ‘ఆవు’ అంటాడు. చదివినాడని మనం మురిసిపోతాము. బొమ్మ మీద చెయ్యి అడ్డం పెట్టి చూడండి, సంగతి తేలుతుంది.

మన మహారాష్ట్రలోని తెలుగు పిల్లల విషయంలో మరొక ఇబ్బంది కూడ ఉన్నది. ‘ఉ’ కోసం ఉడుత బొమ్మ చూపితే మన బిడ్డ ‘ఖార్’ అంటాడు. వాడు ఆడుకొనే వాడలో ఉడుతకు అదే పేరు. ‘ఈ’ కోసం ఈగను చూపితే ‘మాశీ’ అంటాడు. ‘ఏ’ కోసం ఏనుగును చూపితే ‘హత్తీ’ అంటాడు. వస్తువు సరిగానే గుర్తించినాడు, పేరు కూడ సరియైనదే, కాని పటం ఆశించిన అక్షరం రాలేదు. పాపం, ఆ బిడ్డ చేసిన తప్పేమిటి? అటువంటి పది బొమ్మల తరువాత వాడు నోరు తెరవడం మానివేస్తాడు. తరగతిలో నోరు తెరవని పిల్లవాని తండ్రి మూడవ నెలలో వచ్చి, “ఇంగ్లీషు మీడియంలో వేస్తామమ్మా, టి.సి. ఇప్పించండి” అంటాడు. ఒకప్పుడు రెండు విభాగాలుగా నడచిన మన ఒకటవ తరగతి నేడు ఒకే విభాగంగా నడుస్తున్నదంటే దానికి కారణాలు అనేకం. వాటిలో మన చేతిలో ఉన్న కారణం ఇది ఒక్కటే గనుక దీనిని గూర్చి ఇంత చెప్పవలసి వచ్చినది.

బొమ్మను అక్షరానికి దాసిగా చేయక, దాని గౌరవం దానికి ఇచ్చిన విదుషీమణి డాక్టర్ మరియా మాంటిసోరి. రోము నగరంలో సాన్ లొరెంజో అనే కూలివారి పేటలో, మన చాళ్ళ వంటి ఇరుకు ఇండ్ల సముదాయంలో, 1907 జనవరి 6న ఆమె ‘బాలల గృహం’ ప్రారంభమైనది. పగలంతా పనికి పోయే తల్లిదండ్రుల బిడ్డలు దానిలోనివారు. ఆ గృహాలలో గోడమీద ఒక రంగుల పటం పెట్టించినారు. అది ఇటలీ చిత్రకారుడు రఫాయెల్ 16వ శతాబ్దపు ఆరంభంలో వ్రాసిన జగత్ప్రసిద్ధమైన తల్లీబిడ్డల చిత్రానికి ప్రతి. కుర్చీలో కూర్చున్న మరియమ్మ, ఒడిలో శిశువు, ప్రక్కన మరొక బాలుడు. మూలం ఫ్లారెన్సులోని పిట్టీ ప్రాసాదంలో ఉన్నది. ఆ పటంతో ఆమె అక్షరాలు నేర్పలేదు. అక్షరాలకు వేరే సాధనం ఉన్నది. గరుకు కాగితంతో కత్తిరించి అట్టమీద అంటించిన అక్షరాలను బిడ్డ వ్రేలితో తడుముతూ పలకాలి. మన వీధిబడి ఇసుకకు ఇది దగ్గరి చుట్టమని నాకు అనిపిస్తుంది. 1939లో ఆమె మద్రాసుకు వచ్చి అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ తరగతులు నడిపినారు. అంతకుముందే గుజరాతులో గిజుభాయి బధేకా ఈ మార్గంలో 1920 నుండి భావనగరులో బాలమందిరం నడుపుతున్నారు.

మాంటిసోరి గ్రంథంలో నన్ను ఎక్కువగా ఆకర్షించినది చీటీల సంగతి. పిల్లలు అక్షరాలు కూర్చి పలకడం వచ్చిన తరువాత కూడ ఆమె దానిని చదువుగా లెక్కపెట్టలేదు. ఆట వస్తువుల పేర్లు వ్రాసిన చీటీలు పెట్టె నుండి తీసి, చదివి, ఆ వస్తువును తెచ్చుకోమనేవారు. తరువాత చీటీల మీద చిన్న చిన్న ఆజ్ఞలు వ్రాసి ఇచ్చేవారు. ఎవరూ నోటితో చెప్పని విషయం కాగితం ద్వారా బిడ్డకు తెలిసిన క్షణాననే చదువు మొదలైనదని ఆమె నిర్ణయం. ఆ మాట పట్టుకొని మన ‘హంస దమయంతి’ వద్దకు వస్తాను.

రాజా రవివర్మ 1848లో తిరువాన్కూరు సంస్థానంలోని కిళిమానూరులో జన్మించి 1906లో కీర్తిశేషులైనారు. ఆయన నూనె రంగుల చిత్రాలు తొలుత రాజప్రాసాదాలకే పరిమితం. వాటిని అచ్చువేయించి సామాన్య జనానికి అందజేయవలసినదని సలహా ఇచ్చినవారు దివాన్ సర్ టి. మాధవరావుగారు. ఆ సలహా ఫలించి 1894లో మన బొంబాయిలోనే రవివర్మ ముద్రణాలయం వెలసినది. మొదట అచ్చయిన పటం ‘శకుంతలా జననం’. నున్నని సున్నపురాతి పలకల మీద బొమ్మను తిరగవేసి గీసి, ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క రాయి చొప్పున, అదే కాగితాన్ని మరల మరల అచ్చొత్తేవారు. ఒక రాయి వెంట్రుకవాసి ప్రక్కకు జరిగితే దేవతకు రెండు ముక్కులు వచ్చేవి. అందుకే జర్మనీ నుండి పనివారిని రప్పించినారు. నగరంలో ప్లేగు చెలరేగిన ఆ కాలంలో, 1899లో, ముద్రణాలయం లోనావళా సమీపాన మళవ్లీకి తరలినది. కొద్ది కాలానికే ఫ్రిట్జ్ ష్లైషర్ అనే జర్మను నిపుణుని సొత్తయినది. చలనచిత్ర పితామహుడు దాదాసాహెబ్ ఫాల్కే కూడ కొంతకాలం అక్కడ పని చేసినవారే. 1972లో అగ్నిప్రమాదంలో ఆ ముద్రణాలయం దగ్ధమైనది.

ఆ పటాలు ఇండ్లలోనికి ఎంతగా వచ్చినవో మన పెద్దలకు వేరుగా చెప్పనక్కరలేదు. కొందరు ఇల్లాండ్రు పటంలోని దేవతకు జరీ గుడ్డ కుట్టి, తళుకులు అద్ది అద్దం కట్టించేవారు. బట్టల థానులపై మిల్లులవారు అంటించే రంగుల టికెట్లమీద కూడ రవివర్మ నాయికలు వెలసినారు. తెలంగాణ నుండి కట్టుబడి పనులకు వచ్చిన కామాఠీల పేరుమీదనే ఈ నగరంలో కామాఠీపుర ఏర్పడినది. వారి తరువాత మగ్గం విద్య తెలిసిన పద్మశాలి కుటుంబాలు పరేలు, వర్లీ మిల్లులకు వచ్చినవి. చదువు రాని ఆ కార్మికులకు, థాను మీది టికెట్టులో బొమ్మా అక్షరమూ ప్రక్కప్రక్కనే కనబడేవి. మన పాఠశాల పటం కూడ ఒక మిల్లు కార్మికుని ఇంటిదే. 1982 జనవరి 18న మొదలైన బట్టల మిల్లుల సమ్మె ఎంతకూ తెమలక ఎన్నో కుటుంబాలు స్వగ్రామాలకు తిరిగిపోయిన రోజులలో, ఇద్దరు బిడ్డలను ఇక్కడ చదివించిన ఒక తండ్రి సామాను సర్దుకుంటూ దీనిని బడికి ఇచ్చి వెళ్ళినాడు. చాల ఏండ్లు అది కార్యాలయంలో బీరువా మీద ఉండినది.

రవివర్మ చిత్రాలను తప్పుపట్టినవారు లేకపోలేదు. కలకత్తాలో హావెల్, అవనీంద్రనాథ ఠాకూరు మొదలైనవారి మార్గాన్ని అనుసరించిన విమర్శకులు వాటిని నాటకరంగపు వేషాలన్నారు. కళాశాస్త్రరీత్యా వారి మాటలో బలం ఉన్నది కాబోలు. కాని ఒకటవ తరగతికి ఆ నాటకీయతయే ఉపకారి. ఎవరు ఎటు చూస్తున్నారు, ఎవరి మాట ఎవరు వింటున్నారు అన్నది చిన్నబిడ్డకు కూడ తెలిసిపోవాలి గదా!

‘హంస దమయంతి’ 1899 నాటి చిత్రం. మూలం తిరువనంతపురంలోని శ్రీచిత్రా చిత్రశాలలో ఉన్నది. ఎర్రచీర కట్టిన రాకుమారి ఉద్యానంలో నిలుచున్నది. ఎదుట తెల్లని హంస. సమీపాన తామరకొలను. హంస ఏదో చెప్పుచున్నది, ఆమె వినుచున్నది. ఇంతే. ఈ కథను మనవారికి నన్నయగారు భారతం అరణ్యపర్వంలో చెప్పినారు, శ్రీనాథుడు ‘శృంగార నైషధం’గా విస్తరించినాడు. దమయంతి విదర్భ రాకుమారి. అనగా నేటి మన మహారాష్ట్ర ఆడపడుచే. విదర్భ కన్య కథను తెలుగు కవులు పాడినారు, కేరళ చిత్రకారుడు వ్రాసినాడు. ఆయన బొంబాయిలో పెట్టిన అచ్చుకూటమే దానిని మన గోడలకు ఎక్కించినది. మన పాఠశాల గోడకు ఇంతకంటె తగిన పటం ఉన్నదా? పైగా ఇది పూజాపటం కాదు, కథాపటం. మన తరగతిలో ముస్లిం బిడ్డలు, క్రైస్తవ బిడ్డలు కూడ ఉన్నారు. అందరూ సమానంగా మాట్లాడదగిన బొమ్మ కావాలి. తల్లిదండ్రుల ప్రశ్నకు రెండు మాటల సమాధానం ఇదే.

రెండవ కారణం అంతకంటె ముఖ్యమైనది. ఈ చిత్రంలో నలుడు లేడు. హంస ఎవరిని గూర్చి చెప్పుచున్నదో ఆ మనిషి బొమ్మలో ఎక్కడా కనబడడు. అతని పేరు పిల్లలకు తెలియాలంటే ఎవరైనా చెప్పాలి, లేదా వారు చదవాలి. మేము చెప్పము.

మొదటి రెండు రోజులూ అక్షరం ఊసే ఉండదు. పిల్లలు పటం ముందు కూర్చుండి చూస్తారు, మాట్లాడుతారు. హంసను ఒకరు బాతు అంటారు, ఒకరు కొంగ అంటారు, ఒకరు ‘బదక్’ అంటారు. ఎవరినీ దిద్దరు. “అది ఎందుకు వచ్చినది? ఆమె ముఖం చూడండి, సంతోషమా, కోపమా?” అని మాత్రం టీచరు అడుగుతారు. కొలనును పాలమూరు బిడ్డ కుంట అంటాడు, గోదావరి ప్రాంతపు బిడ్డ చెరువు అంటుంది. ఈ నగరంలోనే పుట్టి పెరిగినవాడు ‘తలావ్’ అంటాడు. ఒక ఇంట ‘కొంగు’, మరొక ఇంట ‘పైట’. ఈ మాటలన్నీ నల్లబల్ల మీదికి ఎక్కుతాయి. తన ఇంటి మాట టీచరుగారి చేతిలో సుద్దముక్కతో అక్షరమై నిలిచినప్పుడు ఆ బిడ్డ ముఖం చూడవలసినదే. పుస్తకపు మాట తరువాత వస్తుంది, ఇంటి మాటను తుడిచివేయకుండా దాని ప్రక్కన వచ్చి కూర్చుంటుంది.

మూడవ రోజు నుండి కాగితపు చీటీలు. ఇక్కడ కొంత లెక్క అవసరం. గుణింతాలు, ఒత్తులు లేని మాటలతో మొదలుపెట్టాలని మన వాచకాల సంప్రదాయం. అది మంచి సంప్రదాయమే. బొమ్మలో అటువంటి మాటలు వెదకినాము. ఆమె ‘తల’. చేతికి ‘నగ’. కొలనులో ‘అల’. చీరకు ‘మడత’. నాలుగు మాటలలో ఏడు అక్షరాలు వచ్చినవి: త, ల, న, గ, అ, మ, డ. ఒక్కొక్క చీటీని పిల్లలే తీసికొనిపోయి పటం చట్రానికి కట్టిన దారంమీద, దాని చోటుకు దగ్గరగా తగిలించాలి. కొమీనియస్ బొమ్మమీద వేసిన అంకెల పనిని ఇక్కడ బిడ్డల కాళ్ళు చేస్తున్నవి. సాయంత్రం చీటీలన్నీ తీసి కలిపి బుట్టలో వేస్తారు. మరునాడు మరల తగిలించాలి. ‘నగ’ పోయి కొలను ప్రక్కన చేరితే తరగతి అంతా గొల్లుమంటుంది. దిద్దే పని టీచరుకు మిగలదు.

ఐదవ రోజున ‘హంస’. వర్ణమాల క్రమంలో ‘క’ నుండి లెక్కపెడితే ‘హ’ ముప్పైమూడవ హల్లు. ఆ క్రమాన్నే అనుసరిస్తే బిడ్డ దానిని చేరేసరికి దీపావళి సెలవులు వస్తాయి. బొమ్మ ద్వారా మొదటి వారంలోనే వచ్చినది. దానికి ఒక గుడి లేదు, ఒక కొమ్ము లేదు, ఒక సున్న మాత్రం ఉన్నది. వర్ణమాల క్రమం మీద నాకు ఎంతో గౌరవం. ధ్వనులను పుట్టుక చోటునుబట్టి అంత శాస్త్రీయంగా అమర్చిన లిపులు ప్రపంచంలో ఎక్కువ లేవు. మరాఠీ పాఠం వచ్చినప్పుడు ఆ క్రమమే మన బిడ్డలను దేవనాగరిలోనికి సునాయాసంగా నడిపిస్తుంది. కాని అది అక్షరాలు తెలిసినవాడు వాటిని అమర్చుకొనే బీరువా. బీరువా ముందు కొని, సామాను తరువాత సంపాదించే గృహస్థు ఎవరు?

రెండవ వారాంతానికి ఆ ఏడు అక్షరాలూ, హంస తెచ్చిన మూడూ నిలుకడగా వస్తాయి. అప్పుడు ఒక ఉదయం, పిల్లలు రాకముందే, టీచరు ఒక చీటీ వ్రాసి హంస ముక్కు దగ్గర తగిలిస్తారు. నోటితో ఏమీ చెప్పరు. “హంస ఏమన్నదో చూడండి” అన్నదే మాట. చీటీలో రెండే అక్షరాలు: ‘నల’. ‘నగ’లోని ‘న’, ‘అల’లోని ‘ల’. రెండూ తెలిసినవే, మాట మాత్రం ఎవరూ వారికి చెప్పలేదు. ఆ వస్తువు బొమ్మలోనూ లేదు. పెదవులు కదులుతాయి. ఎవరో ఒకరు గట్టిగా అంటారు, మిగిలినవారు ఒక్కసారిగా అందుకుంటారు.

మొదటి ఏడు ఈ చీటీ పెట్టినప్పుడు ఒక బాలుడు లేచి, “టీచర్, నల్లా వచ్చిందని చెప్తుందా?” అని అడిగినాడు. ఈ నగరంలో నీటి కుళాయి హిందీవారికి ‘నల్’, మరాఠీవారికి ‘నళ్’, తెలంగాణ బిడ్డలకు ‘నల్లా’. తెల్లవారుజామున నీరు వచ్చే వేళకు చాళ్ళలో ఆ కేక వేయని ఇల్లు లేదు. రాకుమారి అంత శ్రద్ధగా వింటున్నదంటే నీరు వచ్చిన వార్త కాక మరేమిటి! ఉపాధ్యాయినులందరమూ రోజంతా నవ్వుకున్నాము. నవ్వు సంగతి అటుంచితే, మాంటిసోరి చెప్పిన పరీక్షలో ఆ బాలుడు నెగ్గినాడు. బొమ్మ చెప్పని, టీచరు చెప్పని మాటను రెండు అక్షరాలలో నుండి తానే తీసికొని, దానికి తన జీవితంలో నుండి ఒక అర్థం పెట్టి, ఆ అర్థం బొమ్మకు అతుకుతుందా లేదా అని అడిగినాడు. పెద్దవారమైన మనం చదివేటప్పుడు చేసే పని కూడ ఇదే గదా. ఆ ప్రశ్న తరువాతనే టీచరు నిషధ రాజైన నలుని కథ చెప్పినారు. పిల్లలు కదలక విన్నారు.

కథ విన్న తరువాత పిల్లలు చెప్పే వాక్యాలను టీచరు వారి నోటి మాటగానే బల్లమీద వ్రాస్తారు. వాటిలో ఒత్తులూ గుణింతాలూ అన్నీ ఉంటాయి. అన్నీ విడదీసి చదవనక్కరలేదు. తనదైన వాక్యం ఎక్కడ ఉన్నదో గుర్తుపట్టి, దానిలో తెలిసిన అక్షరాలను చుట్టితే చాలు. చందమామ చదివిన పూర్వ విద్యార్థులకు ఇది క్రొత్తగా తోచదు. 1947 జూలైలో మొదలైన ఆ మాసపత్రికలో రెండు ఫోటోలు వేసి వ్యాఖ్యలు వ్రాసి పంపుమని పోటీ పెట్టేవారు. ఆ పోటీకి కార్డు వ్రాయని తెలుగు పిల్లవాడు ఈ నగరంలో ఆనాడు ఉండేవాడా? మాటలు లేని బొమ్మ మాటలు అడుగుతుందని ఆ సంపాదకులకు బాగుగా తెలుసు. ఆ పత్రిక నేడు లేదు.

ఈ పద్ధతికి పరిమితులు ఉన్నవి. ఒక బొమ్మతో అన్ని అక్షరాలూ రావు. రోజూ కొంతసేపు పలక మీద దిద్దడం, గుణింతం పలకడం తప్పవు. నలభై మంది ఉన్న తరగతిలో వెనుక వరుసవారికి పటం కనబడదు గనుక పిల్లలను రెండు జట్లుగా కూర్చుండబెట్టవలసి వచ్చినది. 2020 నాటి జాతీయ విద్యావిధానం వీలైనంతవరకు ఐదవ తరగతి దాక ఇంటి భాషలో బోధించవలెనని చెప్పినది. 2021లో వచ్చిన నిపుణ్ భారత్ కార్యక్రమం మూడవ తరగతి ముగిసేసరికి బిడ్డ అర్థంతో చదవగలగాలని లక్ష్యం పెట్టినది. ఆ కాగితాలు చదివినప్పుడు మా ఒకటవ తరగతి టీచరుగారు, “రెండక్షరాల చీటీతోనే మొదలుపెట్టినాం కదమ్మా” అన్నారు.

అర్ధసంవత్సరం తరువాత, దీర్ఘాలూ ఒత్తులూ మొదలయ్యే వేళకు, పటం మారుతుంది. అదీ రవివర్మదే, 1893 నాటిది. ‘అదిగో నాన్న’ అని మేము పిలుచుకొంటున్నాము. ఒక తల్లి బిడ్డను ఎత్తుకొని నిలుచున్నది. ప్రక్కన కుక్క ఉన్నది. తల్లి చూపు బొమ్మకు బయట ఎటో ఉన్నది. ఆ తల్లి చిత్రకారుని కుమార్తె, బిడ్డ ఆయన మనుమడు. వచ్చే తండ్రి మాత్రం, నలుని వలెనే, బొమ్మలో లేడు. ఈసారి చీటీ టీచరు వ్రాయరు. ఎవరు వస్తున్నారో పిల్లలే వ్రాసి తగిలించాలి.

‘నాన్న’ అన్నది కొన్ని చీటీలలో వస్తుంది. మన బిడ్డల తండ్రులలో రాత్రి డ్యూటీలకు పోయేవారు, దుబాయి, మస్కటులలో ఉన్నవారు, ఊరిలో వ్యవసాయం చూచుకొనేవారు ఉన్నారు. కనుక అవ్వ వస్తుంది, మామ వస్తాడు, తాత వస్తాడు. ఈ సంవత్సరం ఒక బాలిక ‘రైలు’ అని వ్రాసినది. మనిషి పేరు వ్రాయాలి కదమ్మా అని ప్రక్కనున్న పిల్ల అన్నది. రైలు వస్తేనే అమ్మ వస్తుందని ఆమె సమాధానం. ‘రై’లోని ఐత్వం మేము ఇంకా చెప్పలేదు. దాదరు స్టేషనులో బోర్డు చూచి నేర్చుకున్నదట. ఆ చీటీలను జూబిలీ ప్రదర్శనలో ఒకటవ తరగతి గదిలోనే, పటం ప్రక్కన, వ్రాసిన చేతివ్రాతతోనే ఉంచుతున్నాము.